ఫ్రెంచ్ డిఫెన్స్ ప్రాజెక్టు డైరీ: సి8 బిషప్‌ని బయటికి లాగడం

మే, మొదలుపెట్టినప్పుడు

చెస్‌లో బ్లాక్‌తో కూర్చున్నప్పుడు అవతలివాళ్ళు 1.ఇ4 ఆడితే ఏం ఆడాలన్నది ఈసారి తేల్చేద్దామని ఈ ప్రాజెక్టు. (ముందున్న అంకె ఎత్తు నంబరు, తర్వాతది చేరే గడి; మూడు చుక్కలుంటే బ్లాక్ ఎత్తు, × అంటే కొట్టడం, ముక్క పేరు లేకపోతే కదిలింది బంటు.) ఇన్నాళ్ళూ 1...ఇ5 ఆడుతూ వచ్చాను. దానికేం వంక పెట్టలేం, కాకపోతే అవతల కూర్చున్నవాడు ఇటాలియన్ ఆడతాడా, స్కాచ్ ఆడతాడా, రెండో ఎత్తుకే ఎఫ్4 తోసి కింగ్స్ గాంబిట్ అంటాడా, ఏదీ మన చేతిలో ఉండదు, అన్నిటికీ చదివి పెట్టుకోవాలి. ఆఫీసు నుంచి వచ్చి, రాత్రి భోజనాలయ్యాక ఓ గంట బోర్డు ముందు కూర్చునేవాడికి అంత సిలబస్ అయ్యే పని కాదు. మొదటి ఎత్తుతోనే ఆట నాకు తెలిసిన సందులోకి తిరగాలి. అందుకే 1...ఇ6, అంటే ఫ్రెంచ్.

దీని మీదికి మనసు మళ్ళింది మాత్రం 2024 ప్రపంచ చాంపియన్‌షిప్ చూశాకే. సింగపూర్‌లో నవంబర్ 25న మొదటి గేమ్, గుకేశ్ ఇ4 ఆడితే డింగ్ లిరెన్ ఇ6 ఆడాడు, బ్లాక్‌తో గెలిచాడు కూడా. మళ్ళీ 13వ గేమ్‌లోనూ అదే ఫ్రెంచ్, అది డ్రా. మర్నాడు 14వ గేమ్ గుకేశ్ గెలిచి 7.5–6.5తో చాంపియన్ అయ్యాడు, అదంతా అందరికీ తెలిసిందే. నాకు తమాషాగా అనిపించింది ఏంటంటే, గుకేశ్ వెనక పనిచేసిన బృందంలో మన గుంటూరు పెంటేల హరికృష్ణ ఉన్నాడు, ఫ్రెంచ్ మీద ఆన్‌లైన్ కోర్సు చేసిన మనిషి ఆయన. అంటే ఫ్రెంచ్ లోతులు తెలిసినవాడు పక్కనే ఉన్నా ఆ డిఫెన్స్‌ని పగలగొట్టడం అంత తేలిక కాదన్నమాట. నా స్థాయికి ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి.

లిచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో ఒక స్టడీ (ఎత్తులు రాసి దాచుకునే ఫైలు) తెరిచాను. పెట్టుకున్న షరతు ఒక్కటే: ఫైలు చిన్నగా ఉండాలి.

మే, రెండో సగం: అసలు సమస్య

1.ఇ4 ఇ6 2.డి4 డి5. ఇక్కడ ఆగి బోర్డు చూడండి. బ్లాక్‌కి అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క సి8 బిషప్ తప్ప. అది తెల్ల గళ్ళ మీద నడిచే బిషప్, దాని ముందు మన ఇ6 బంటే తెల్ల గడిలో నిలబడి ఉంది, గుమ్మానికి అడ్డంగా మనమే మంచం వేసుకున్నట్టు. ఫ్రెంచ్ ఆడి ఓడినవాళ్ళ గేములు వరసగా చూస్తే చివరి దాకా ఆ బిషప్ సి8లోనో డి7లోనో కూర్చునే ఉంటుంది. మిగతా ముక్కలన్నీ పోయినా అది మాత్రం క్షేమం!

అందుకని ఫైల్లో లైన్లు (ఎత్తుల వరసలు) పేర్చేముందు ఒక నియమం రాసుకున్నాను. ఏ వేరియేషన్ తీసుకున్నా, ఈ బిషప్ ఎటునుంచి బయటికొస్తుంది అన్న ప్రశ్నకి జవాబు ఉండాలి. ఉంటే ఆ లైన్ ఫైల్లోకి వస్తుంది, లేకపోతే ఎంత పెద్ద గ్రాండ్‌మాస్టర్ ఆడినా సరే, నాకొద్దు.

మా క్లబ్‌లో లెక్చరర్‌గా రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు, నాకు ప్రాక్టీస్ పార్ట్‌నర్ ఆయనే. ఈ నియమం చెబితే నవ్వారు. "ఏమయ్యా, అందరూ క్వీన్ ఎక్కడ పోతుందోనని భయపడితే నువ్వు బిషప్ కోసం బెంగపెట్టుకుంటావేంటి?" అన్నారు. "అది బతికి బయటపడితే మిగతావి వాటి దారి అవే చూసుకుంటాయి మాస్టారూ" అన్నాను.

రెండో పని, నిజంగా నాకు ఎదురయ్యేది ఏంటో చూడటం. లిచెస్ ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో మాస్టర్ల డేటాబేస్ పక్కన పెట్టి, మన రేటింగుల వాళ్ళ గేములు మాత్రమే ఫిల్టర్ చేస్తే బొమ్మ పూర్తిగా మారిపోతుంది. పుస్తకాలు చాలా పేజీలు విన్‌అవర్ మీద, అంటే 3.గుర్రం సి3 బిషప్ బి4 మీద ఖర్చుపెడతాయి. మన స్థాయిలో జనం ఆడేది మాత్రం ఎక్కువగా 3.ఇ5 అని ముందుకు తోసే అడ్వాన్స్, లేకపోతే 3.ఇ×డి5 అని కొట్టేసే ఎక్స్‌చేంజ్. కాబట్టి నా సమయంలో ఎక్కువ భాగం ఆ రెండిటికే.

జూన్: అడ్వాన్స్

ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది. మెయిన్ లైన్ 3...సి5 4.సి3 గుర్రం సి6 5.గుర్రం ఎఫ్3 క్వీన్ బి6. మంచి లైనే, కాని బిషప్ ప్రశ్నకి జవాబు ఆలస్యంగా వస్తుంది. వెతగ్గా వెతగ్గా వేడ్ వేరియేషన్ దొరికింది: 4.సి3 క్వీన్ బి6 5.గుర్రం ఎఫ్3 బిషప్ డి7, గుర్రాన్ని సి6కి పంపకుండా ఆ బాట ఖాళీగా ఉంచి, తర్వాతి ఎత్తులో బిషప్ బి5! వైట్‌కి ఉన్న మంచి బిషప్‌కీ మనకున్న పనికిమాలిన బిషప్‌కీ మార్పిడి. బేరం మనకే లాభం.

6.బిషప్ ఇ2 బిషప్ బి5 తర్వాత మూడు దారులు చూశాను. వైట్ 7.బిషప్×బి5 చెక్ అంటే 7...క్వీన్×బి5, ఇప్పుడు మన క్వీన్ బి5 నుంచి సరాసరి ఎఫ్1 గడిని చూస్తోంది కాబట్టి వైట్ కాస్లింగ్ (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరిపి రాజుని భద్రం చేసుకోవడం) కాసేపు ఆగిపోతుంది. వైట్ ముందే కాస్లింగ్ చేసుకుంటే 7...బిషప్×ఇ2 8.క్వీన్×ఇ2 క్వీన్ ఏ6, క్వీన్లు మార్చుకుందామా అని అడగడం. ఒప్పుకుంటే మన గుర్రం ఏ6లోకి వస్తుంది, ఎండ్‌గేమ్‌లో నాకు చీకూ చింతా లేదు, ఒప్పుకోకపోతే ఏ6 నుంచి ఎఫ్1 దాకా ఉన్న ఆ ఏటవాలు దారి మొత్తం మన క్వీన్‌దే. మూడోది 7.సి4, బంటు ఎదురిచ్చి ఆటని తెరిచే దారి. ఇది ఒక్కటే నిజంగా ప్రమాదం. దీని సంగతి తర్వాత.

వేడ్‌లో ఇంకో సుఖం ఉంది. మెయిన్ లైన్‌లో వైట్ 6.బిషప్ డి3 అని ఒక వల వేస్తాడు, మిల్నర్-బ్యారీ గాంబిట్. సి×డి4, సి×డి4 మార్పిళ్ళయ్యాక డి4 బంటు ఉచితంగా దొరికినట్టు కనిపిస్తుంది. గుర్రంతో కొడతాం, వాళ్ళ గుర్రం మన గుర్రాన్ని కొడుతుంది, క్వీన్‌తో మళ్ళీ కొడతాం, అప్పుడు బిషప్ బి5 చెక్! డి3లో ఉన్న బిషప్ పక్కకి తప్పుకోగానే వెనక డి1లోని వాళ్ళ క్వీన్‌కి మన క్వీన్ దొరికిపోతుంది. ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల్లో ముగిసే ఆటల్లో) ఈ గోతిలో పడేవాళ్ళు రోజూ కనిపిస్తారు. ముందు బిషప్ డి7 ఆడి ఆ తర్వాత కొట్టాలి, అంతే మందు. మన లైన్‌లో బిషప్ ఐదో ఎత్తుకే డి7లో ఉంది కనుక ఈ టెన్షన్ ఉండదు.

సి3 బదులు ఎఫ్4 తోసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా పిల్లలు. సెంటర్‌ని ఏనుగులా నిలబెట్టాలని వాళ్ళ సరదా. సి5, గుర్రం సి6, క్వీన్ బి6 అని డి4 మీద గురిపెడితే చాలు, దీనికి ఫైల్లో సగం పేజీ కూడా ఇవ్వలేదు.

జులై: ఎక్స్‌చేంజ్

3.ఇ×డి5 ఇ×డి5. చాలామంది ఫ్రెంచ్ ఆటగాళ్ళు దీన్ని చూసి మొహం మాడ్చుకుంటారు, డ్రా కోసం ఆడుతున్నాడని. నాకైతే పండగే. ఇ6 బంటు ఇక లేదు, సి8 బిషప్‌కి జి4 దాకా బాట తెరిచేసింది ఎవరు? వైటే! నా ప్రశ్నకి జవాబు ఎదుటివాడే మూడో ఎత్తులో ఇచ్చేశాడు.

ఫ్రెంచ్ అన్న పేరు కూడా ఒక రకంగా ఈ లైన్ పుణ్యమే. 1834లో లండన్, ప్యారిస్ క్లబ్‌లు ఉత్తరాల మీద ఆడుకున్న మ్యాచ్‌లో ప్యారిస్ వాళ్ళు ఇ6 ఆడారు, లండన్ వాళ్ళు డి5 మీద మార్చుకున్నారు, చివరికి బ్లాకే గెలిచింది. పోస్టు మీద నడిచిన ఆట కాబట్టి అది తేలేసరికి 1836 వచ్చింది. ఆ తర్వాత కథల్లో నాకు నచ్చింది 1990 మనీలా ఇంటర్‌జోనల్ ఆఖరి రౌండు. మిఖాయిల్ గురెవిచ్‌కి నైజెల్ షార్ట్ మీద వైట్‌తో డ్రా చాలు, క్యాండిడేట్స్‌కి (ప్రపంచ చాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే పోటీలకి) వెళ్ళిపోతాడు. డ్రా చాలు గదా అని ఎక్స్‌చేంజ్ ఆడాడు, ఓడిపోయాడు. షార్ట్ క్యాండిడేట్స్‌కి వెళ్ళి, అక్కడి నుంచి 1993లో కాస్పరోవ్‌తో టైటిల్ మ్యాచ్ దాకా పోయాడు. గురెవిచ్ స్వయంగా ఫ్రెంచ్ ఆడే మనిషి, ఈ లైన్‌లో బ్లాక్‌కి ఏం దొరుకుతుందో ఆయనకి తెలియక కాదు.

నా ప్లాన్ వ్యతిరేక దిశలో కాస్లింగ్. 4.బిషప్ డి3 గుర్రం సి6 5.సి3 బిషప్ డి6 6.గుర్రం ఎఫ్3, ఇప్పుడు రెండో గుర్రాన్ని ఎఫ్6కి కాకుండా ఇ7కి పంపి, బిషప్ జి4, క్వీన్ డి7, క్వీన్ వైపు కాస్లింగ్. వాళ్ళ రాజు జి1లో, మన రాజు సి8లో. ఆ తర్వాత హెచ్ బంటు తోసుకుంటూ పోవడమే. చచ్చుగా మొదలైన ఆటకి ఇక్కడ ప్రాణం వస్తుంది. మాస్టారితో దీని మీద చాలా ఆడాం, ఆయన మాట ఏంటంటే ఎఫ్3 గుర్రాన్ని పిన్ చేసిన (కదిలితే వెనకున్న క్వీన్ పోయేలా కట్టిపడేసిన) జి4 బిషప్‌ని తొందరపడి మార్చుకోకూడదు, అక్కడే కూర్చోబెట్టి వాళ్ళని హెచ్3 ఆడనివ్వాలి, అప్పుడు మన హెచ్5కి పట్టు దొరుకుతుంది.

జులై చివర: గుర్రం సి3, గుర్రం డి2

దీన్ని త్వరగా ముగించాను. విన్‌అవర్ మీద ఎంత మోజు ఉన్నా నా షెడ్యూల్‌కి అది దండగ. ఒకప్పటి ప్రపంచ చాంపియన్ బోట్విన్నిక్ దాంతో పేరు తెచ్చుకున్నాడు, డ్రెస్డెన్ ఆటగాడు ఊల్మన్ జీవితమంతా ఫ్రెంచే ఆడి 1960లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఫిషర్‌ని విన్‌అవర్‌తోనే ఓడించాడు, అన్నీ నిజమే. కాని వాళ్ళకి రోజంతా అదే పని.

నేను తీసుకున్నది ఫోర్ట్ నాక్స్: 3...డి×ఇ4 4.గుర్రం×ఇ4 బిషప్ డి7 5.గుర్రం ఎఫ్3 బిషప్ సి6. మళ్ళీ అదే బిషప్, ఈసారి సి6 నుంచి పొడవాటి డయాగొనల్ మీద చూస్తుంది. 6.బిషప్ డి3 గుర్రం డి7, రెండో గుర్రం ఎఫ్6కి, బిషప్ ఇ7, కాస్లింగ్, సమయం చూసుకుని బిషప్×ఎఫ్3, తర్వాత సి6 బంటు. వైట్ మూడో ఎత్తు గుర్రం సి3 అయినా గుర్రం డి2 అయినా ఇ4 మీద కొట్టాక వచ్చేది ఒకటే పొజిషన్, కాబట్టి ఒక్క ఫైలుతో రెండూ అయిపోతాయి. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రాం వైట్ వైపు మొగ్గుతుంది, వైట్‌కి చోటు ఎక్కువ, రెండు బిషప్‌లూ ఉంటాయి. మొగ్గనీ. అవతల కూర్చునేది స్టాక్‌ఫిష్ కాదు కదా. చూడ్డానికి చప్పగా ఉన్నా తొందరగా కూలని పొజిషన్, నాకు అది చాలు.

2.డి3 ఆడి కింగ్స్ ఇండియన్ ఎటాక్‌కి పోయేవాళ్ళున్నారు, 1967లో సూస్‌లో ఫిషర్ మ్యాగ్మార్సురెన్ మీద ఆడిన గేమ్ చూసి పాడైనవాళ్ళు. దానికి బి6, బిషప్ బి7, కాస్లింగ్‌కి తొందరపడకపోవడం అని రెండు వాక్యాలు రాసి వదిలేశాను.

ఆగస్టు: టోర్నమెంట్

ఊళ్ళోనే ఒక ఫంక్షన్ హాల్లో రేటింగ్ ఓపెన్. 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం. ఫోన్లు బయట డిపాజిట్ చేయాలి, పిల్లల తల్లులు క్యారియర్లు పట్టుకుని వరండాలో, లోపల ఏసీ ఒక మూల మాత్రమే పనిచేస్తోంది. పెయిరింగ్స్ (ఎవరికి ఎవరు ఎదురన్నది) చెస్-రిజల్ట్స్ సైట్‌లో రాగానే చూశాను, బ్లాక్, ఎదురుగా ఏడో ఎనిమిదో క్లాసు బాబు. రేటింగ్ 1400ల్లో ఉంది గాని ఆ అంకెని నమ్మడానికి లేదు, ఈ పిల్లలు రోజూ కోచింగ్‌కి వెళ్తారు, రేటింగ్ వాళ్ళ ఆట వెనక నెమ్మదిగా నడుచుకుంటూ వస్తుంది. కూర్చోగానే "నమస్తే అంకుల్" అని చెయ్యి కలిపాడు, స్కోరు షీటు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో నా పేరు రాసుకున్నాడు.

1.ఇ4 ఇ6 2.డి4 డి5 3.ఇ5 సి5 4.సి3 క్వీన్ బి6 5.గుర్రం ఎఫ్3 బిషప్ డి7 6.బిషప్ ఇ2 బిషప్ బి5. ఇక్కడ బాబు మొదటిసారి ఆలోచనలో పడ్డాడు. అప్పటిదాకా ఎత్తు ఆడటం, గడియారం నొక్కడం, రాయడం మూడూ ఒకే ఊపులో జరిగిపోయాయి. ఇప్పుడు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. నాకు 7.సి4 భయం. ఆడలేదు, కాస్లింగ్ చేసుకున్నాడు.

7...బిషప్×ఇ2 8.క్వీన్×ఇ2 క్వీన్ ఏ6 9.క్వీన్ డి1. ఊహించినట్టే క్వీన్‌ని మార్చుకోలేదు, పిల్లలకి క్వీన్ పోవడం అస్సలు ఇష్టం ఉండదు. 9...గుర్రం సి6 10.బిషప్ ఇ3 సి×డి4 11.సి×డి4 గుర్రం జి8 నుంచి ఇ7కి, 12.గుర్రం సి3 గుర్రం ఎఫ్5. ఈ పొజిషన్ కోసమే ఇన్ని రాత్రులు కూర్చున్నది. పనికిమాలిన బిషప్ బోర్డు మీద లేదు, ఎఫ్5లో గుర్రం ఇ3నీ డి4నీ రెండిటినీ చూస్తోంది, నా ఎఫ్8 బిషప్ మంచి బిషప్.

13.జి4. గుర్రాన్ని తరమాలని తోశాడు, నేను 13...గుర్రం×ఇ3 14.ఎఫ్×ఇ3 తర్వాత ఆలోచించకుండా 14...హెచ్5 ఆడాను. 15.జి×హెచ్5 రూక్×హెచ్5. కాస్లింగ్ చేసుకోకుండానే రూక్ బయటికొచ్చి, వాళ్ళ రాజు పక్కనున్న హెచ్ నిలువు వరస మీద నిలబడింది. 16.క్వీన్ బి3 అని బి7 వైపు చూశాడు, 16...క్వీన్ వైపు కాస్లింగ్. 17.రాజు జి2 క్వీన్ డి3, ఆ ఏటవాలు దారి ఇక్కడ కూలి తెచ్చింది, ఇ3 బంటు మీద దాడి. 18.రూక్ ఏ1 నుంచి ఇ1కి, క్వీన్ జి6 చెక్ 19.రాజు ఎఫ్2 రూక్ హెచ్3 20.రూక్ జి1 క్వీన్ ఎఫ్5.

ఎఫ్3లో గుర్రం రాజు ముందు పిన్ అయి ఉంది, కదలడానికి లేదు, దాని మీద రూక్, క్వీన్ రెండూ పడ్డాయి. 21.రూక్ జి3 అని కాపాడుకున్నాడు, కాని 21...రూక్×హెచ్2 చెక్! మామూలుగా హెచ్2ని కాసేది ఆ గుర్రమే, పిన్‌లో ఉంది కాబట్టి రూక్‌ని కొట్టలేదు. ఇక్కడ బాబు నా వైపు కాదు, సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. ఒక బంటు లాభంతో ఎండ్‌గేమ్‌కి వచ్చాం, ఆ తర్వాత కూడా గట్టిగా పోరాడాడు, గెలవడానికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. బయటికొచ్చాక వాళ్ళమ్మ "ఏమైంది నాన్నా" అని అడిగితే గేమ్ సంగతి వదిలేసి "అమ్మా, బిషప్ బి5 అని ఒక లైన్ ఉందంట" అని మొదలుపెట్టాడు. వాడు రేపు ఈ లైన్ నా మీదే ఆడతాడు, రాసిపెట్టుకోండి.

మిగతా రౌండ్లలో బ్లాక్‌తో ఒకసారి ఎక్స్‌చేంజ్ వచ్చింది, వ్యతిరేక కాస్లింగ్ దాకా ఫైల్లో ఉన్నట్టే నడిచి డ్రా. ఫోర్ట్ నాక్స్ కూడా వచ్చింది, అదీ డ్రా. విన్‌అవర్ చదివి ఉంటే వాడుకునే అవకాశం ఒక్కసారైనా వచ్చేది, ఆ 3.గుర్రం సి3 ఆడినాయన పుస్తకాలు చదివే రకమే, నేను డి×ఇ4 కొట్టేసరికి కాస్త నిరుత్సాహపడ్డట్టు కనిపించాడు.

ఆగస్టు చివర: మిగిలిన పని

ఫైల్లో ఎర్ర గుర్తుతో ఉన్నది 7.సి4 ఒక్కటే. 7...బిషప్×సి4 8.బిషప్×సి4 దగ్గర మామూలుగా చెయ్యి డి×సి4 వైపే పోతుంది, కాని అప్పుడు 9.డి5 అని వైట్ సెంటర్ పగలగొట్టి మన రాజు మీదికి దారి తెరుస్తాడు, ముక్కలేవీ బయటికి రాకముందే. అందుకని ముందు 8...క్వీన్ బి4 చెక్, 9.గుర్రం బి1 నుంచి డి2కి వచ్చి అడ్డుపడ్డాకే డి×సి4. 10.ఏ3 అంటే క్వీన్ బి5కి వెనక్కి. బంటు మన దగ్గరే ఉంది, కాని రాజు వైపు ముక్కలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి, ఇ7 గుర్రమా, ముందు సి×డి4 కొట్టాలా అన్నది ఇంకా తేలలేదు. స్టాక్‌ఫిష్ పర్లేదంటుంది. అది పర్లేదన్న పొజిషన్లో నేను గడియారం చూసుకుంటూ బతకగలనా అన్నది వేరే లెక్క.

ఈ ఆదివారం మాస్టారు వైట్‌తో కూర్చుంటారు, పదో ఎత్తు నుంచే మొదలుపెట్టి గడియారం పెట్టి ఆడాలని అనుకున్నాం. రెండు గేములు చాలవేమో, ఆయన టీ ఫ్లాస్కు తెస్తానన్నారు.